గుడి వెనుక పార్కులో కుక్కను తిప్పవచ్చునా?

ప్రశ్న: నాకు యాభై ఎనిమిదేళ్ళు. నెల్లూరు పాత ఊరిలో, గుడి వెనుక వీధిలో ఉంటున్నాము. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగానికి వెళుతూ తన లాబ్రడార్ కుక్క బ్రూనోను మా దగ్గర వదిలిపెట్టాడు. దానికి మూడేళ్ళు. మా వారికి మోకాళ్ళ నొప్పులు కావడంతో దాన్ని రెండు పూటలా తిప్పే పని నా మీదే పడింది. మాకు దగ్గరలో ఉన్నది ఒకే ఒక పార్కు. అందులో పాత రాతి మండపం, సగం పూడిపోయిన కోనేరు మెట్లు, వేపచెట్టు కింద నిలబెట్టిన ఒక శాసనపు రాయి ఉన్నాయి. ఉదయం నడకకు వచ్చే పెద్దలు మొదట్లో ఏమీ అనలేదు. పోయిన నెలలో బ్రూనో మండపం స్తంభం దగ్గర కాలెత్తింది. మాకు వరసకు బాబాయి అయ్యే రిటైర్డ్ మాస్టారు ఒకాయన అది చూసి, ‘ఏందమ్మా, దేవుడుండే చోటికి కుక్కను తోలుకొస్తావా?’ అని అందరి ముందర అడిగారు. వారం తిరిగేసరికి గేటుకు ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అని ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద ఎవరి సంతకమూ లేదు. మా అబ్బాయి ‘చట్ట ప్రకారం ఎవరూ ఆపలేరమ్మా, నువ్వు వెళ్ళు’ అంటున్నాడు. మా వారు ‘పేటలో తగవు వద్దు, మేడ మీద తిప్పు’ అంటున్నారు. ఇది చాలదన్నట్టు గేటు దగ్గర మూడు వీధికుక్కలు వెంటపడుతున్నాయి. ఎవరి మాట వినాలో తోచడం లేదు. నా పేరు, పేట పేరు వేయవద్దని మనవి.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

సమాధానం:

అమ్మా,

మీరు ఆ పార్కుకు వెళ్ళడం మానవలసిన పని లేదు. అయితే ఇప్పటి దాకా వెళ్ళిన తీరున మాత్రం ఇక ముందు వెళ్ళకూడదు.

మేడ సంగతి ముందు తేల్చేద్దాం. ఎదిగిన లాబ్రడార్ 25 నుంచి 35 కిలోల దాకా తూగుతుంది. దానికి తిండి యావ ఎక్కువ, కాస్త కదలిక తగ్గితే చాలు, ఒళ్ళు చేస్తుంది. మేడ మీద అదే చుట్టు ఎన్నిసార్లు తిరిగినా కాళ్ళు కదులుతాయేమో కానీ, కుక్క నడకలో సగానికి పైగా ముక్కుతో చేసే పని ఉంటుంది. ఎవరు వచ్చారు, ఏ కుక్క ఎటు పోయింది, రాత్రి ఏ పిల్లి గోడ దూకింది అన్నది అది వాసనతో తెలుసుకుంటుంది, ఆ పని దొరకని కుక్క గుమ్మం గీరుతుంది, చెప్పులు కొరుకుతుంది, దారిన పోయే ప్రతి మనిషి మీదా మొరుగుతుంది. ఎప్పుడూ కట్టేసి లేదా ఇరుకులో ఉంచిన కుక్కను తగినంత తిప్పకుండా వదిలేయడాన్ని 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ హింస కిందనే లెక్క కట్టింది. మీ వారు తగవు వద్దన్నది మంచి మనసుతోనే అయినా, మేడ ఇందుకు జవాబు కాదు.

ఇక మీ అబ్బాయి మాట. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలలో, పెంపుడు కుక్కలను పార్కులకు పూర్తిగా రానివ్వకపోవడం తగదని, నివాసుల సంఘాలు కావాలంటే అందరితో మాట్లాడి వేళలు నిర్ణయించుకోవచ్చని చెప్పిన మాట నిజమే. అయితే ‘ఎవరూ ఆపలేరు’ అన్నంత దూరం ఆ మాట పోదు. ఆ పార్కు ఎవరి చేతిలో ఉందన్నది ముందు చూడాలి. నగరపాలక సంస్థదైతే ప్రవేశ నియమాలు పెట్టే అధికారం ఆ సంస్థకే ఉంటుంది కనుక, సంతకం లేని అట్టకు నియమంగా విలువ లేదు. కోనేరు, మండపం ఉన్న భాగం గుడి ఆస్తి అయితే అక్కడ దేవస్థానం మాట చెల్లుతుంది. పాత పేటలలో ఈ రెండూ కలిసిపోయి ఉండడం, ఒకే ప్రహరీ లోపల సగం మున్సిపాలిటీది, సగం దేవాదాయ శాఖది కావడం మామూలే. ఒకవేళ ఆ మండపం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంటే, ఆ సంగతి తెలిపే బోర్డు అక్కడే ఉంటుంది, అప్పుడు పురాతన కట్టడాల రక్షణకు చేసిన 1959 నాటి నియమాలలో 8వ నియమం ప్రకారం కట్టడం నిర్వహణకు తప్ప ఏ జంతువునూ లోపలికి తేకూడదు. అటువంటి బోర్డు కనిపిస్తే వాదన లేకుండా ఆ హద్దు బయటే ఆగిపోవాలి.

చట్టం గురించి మాట్లాడేటప్పుడు మీ అబ్బాయికి ఇంకొక సెక్షన్ కూడా చెప్పండి. తన అధీనంలో ఉన్న జంతువు వల్ల మనుషులకు ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా ఉన్నవారికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు గానీ, 5,000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. గేటు దగ్గర నిలబడి చట్టం చదివే మనిషికి అవతలివాళ్ళు కూడా చట్టమే చదివి వినిపిస్తారు. ఆ పేటలో రేపు కూడా కాపురం ఉండవలసింది మీరు, ఫోనులో ఉన్న అబ్బాయి కాదు.

మీ బాబాయి గారి కోపంలో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. కుక్క మైల అన్నది ఒకటి, రాయి పాడవుతుందన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు చెప్పడం సులువు. స్వర్గం గుమ్మం దాకా వచ్చిన ధర్మరాజు తన వెంట నడిచిన కుక్కను వదిలి లోపలికి రానన్న కథను తెలుగులో చెప్పినవాడు 13వ శతాబ్దంలో ఈ నెల్లూరిలోనే, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన. కానీ ఆ కథను మీరు బాబాయి గారి ముందు ఎత్తవద్దని నా సలహా. పాతికేళ్ళో ముప్పై ఏళ్ళో పాఠాలు చెప్పిన పెద్దమనిషికి ఆ కథ మనకంటే బాగా తెలిసే ఉంటుంది, పైగా ఆ కథ విన్నంత మాత్రాన స్తంభం మీద పడిన తడి పోదు. ఆయన కోపంలో రెండో సంగతి న్యాయమైనది, మీరు పట్టించుకోవలసింది దాన్నే.

కుక్క మూత్రంలో నీటితో పాటు యూరియా, రకరకాల లవణాలు ఉంటాయి. ఆ తడి రాతి సందులలోకి, ఇటుకలోకి, సున్నపు గచ్చులోకి ఇంకుతుంది. నీరు ఎండకు ఆవిరైపోతుంది కానీ, ఉప్పు అక్కడే గడ్డకట్టి లోపలి నుంచి పొరను పైకి నెడుతుంది. సముద్రం దగ్గరి ఊళ్ళలో గోడలకు చవుడు పట్టి, సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలడం మన జిల్లావాళ్ళకు కొత్త కాదు, ఇక్కడ జరిగేదీ అదే. ఒక్కసారితో ఏమీ కనిపించదు. గట్టి నల్లరాయి అయితే చాలా ఏళ్ళు తట్టుకుంటుంది కూడా. దెబ్బ తగిలేది ముందుగా రాళ్ళ మధ్య అతుకు సున్నానికి, స్తంభం పాదం దగ్గరి గచ్చుకు, పైపొర అప్పటికే లేచిన అక్షరాలకు. ఇంకొక చిక్కు కూడా ఉంది. ఒక మగ కుక్క తడిపిన చోటును తర్వాత వచ్చే ప్రతి మగ కుక్కా వాసన పట్టి అక్కడే తడుపుతుంది. బ్రూనో ఒక్కరోజు చేసిన పని, గేటు దగ్గరి మూడు వీధికుక్కలకు రోజూ చేసే పని అవుతుంది.

ఎప్పుడైనా పొరపాటున అలా జరిగితే వెంటనే ఒక సీసా మంచినీళ్ళు ఆ చోట పై నుంచి కిందికి ధారగా పోయండి. ఉప్పు పలచబడి నేలలోకి పోవడానికి అది చాలు. ఫినాయిలు, ఆసిడ్, బ్లీచింగ్ పౌడరు పాత రాయి దగ్గరికి తీసుకుపోవద్దు. ఆసిడ్ సున్నాన్ని తినేస్తుంది, ఒక్క కడుగులో అది చేసే నష్టం కుక్కలు కొన్నేళ్ళలో కూడా చేయలేవు. ఇనుప బ్రష్షుతో రుద్దడమూ అంతే చేటు. పార్కు శుభ్రం చేసే మనిషి ‘మైల పోవాలి’ అని అటువంటివి వాడుతుంటే మెల్లగా చెప్పి మాన్పించండి. శాసనాల మీద సున్నం కొట్టడం, ఎనామిల్ రంగు పూయడం మన ఊళ్ళలో భక్తి పేరుతోనే జరుగుతుంది. అవి చూసినప్పుడు నాకు కలిగే బాధ, కుక్క కాలెత్తినప్పుడు కలిగే బాధ కంటే ఎక్కువ. అయినా దాన్ని మీ పక్షాన వాదనగా వాడుకోవద్దు, ఎవరి తప్పు వారిదే.

అసలు ఉపాయం గేటు లోపల లేదు, మీ ఇంటి నుంచి గేటు దాకా ఉన్న దారిలో ఉంది. కుక్క తన పని పార్కులోకి రాకముందే ముగించుకోవాలి. ఇది నేర్పగలిగిన విషయమే, మూడేళ్ళ లాబ్రడార్‌కు మరీ సులువు. రోజూ ఒకే వేళకు అన్నం పెడితే ఒకే వేళకు విరేచనం అవుతుంది. పొద్దున లేవగానే నేరుగా పార్కు వైపు నడవకుండా, ముందు మీ వీధిలో గడ్డీ మట్టీ ఉన్న ఖాళీ జాగా ఏదైనా ఒకటి ఎంచుకుని, అక్కడ పది నిమిషాలు నిలబడండి. అటూ ఇటూ లాగనివ్వకుండా ఒకే చోట వాసన చూడనివ్వండి. పని కాగానే మెచ్చుకుని, జేబులోంచి చిన్న బిస్కెట్టు ముక్క పెట్టి, ఆ తర్వాతే పార్కు వైపు తిరగండి. కొద్ది రోజులలోనే అది ఆ లెక్క పట్టుకుంటుంది. పని ముగిస్తేనే నడక మొదలవుతుందని తెలిసిన కుక్క ఆలస్యం చేయదు. పని కాని రోజున పార్కులోకి వెళ్ళవద్దు, ఆ రోజుకు వీధి నడకతో సరిపెట్టండి. ఈ ఒక్క నియమం మీద గట్టిగా నిలబడగలిగితే మీ సమస్యలో ముప్పాతిక భాగం తీరినట్టే.

అయితే మగ కుక్కకు ఇంకొక అలవాటు ఉంది, మూత్రసంచి ఖాళీ అయినా గుర్తు పెట్టడం కోసం నాలుగు చుక్కలు దాచుకుంటుంది. అది నిలువుగా ఉన్నదాన్నే వెతుకుతుంది, స్తంభం, చెట్టు మొదలు, శాసనపు రాయి అన్నీ దానికి ఒకటే. ఆ క్షణాన్ని దగ్గరి నుంచి గమనిస్తే ముందే పట్టుకోవచ్చు. మొదట ముక్కు నేల మీది నుంచి రాతి పాదానికి చేరి, ఒకే చోట ఆగి, పీల్చడం గట్టిపడుతుంది. తోక కదలడం ఆగిపోతుంది. ఆ తర్వాత పక్కకు సగం తిరిగి, నడుము రాతికి దగ్గరగా తెచ్చి, బరువు మూడు కాళ్ళ మీదికి మార్చుకుంటుంది. కాలు లేచేది ఆ తర్వాతే. ముక్కు ఆగినప్పుడే ‘పద’ అని ఒక్క మాట అని రెండడుగులు ముందుకు వేస్తే అది వెంట వచ్చేస్తుంది. కాలు లేచాక గుంజితే పని ఆగదు, తడి ఇంకొంచెం దూరం పాకుతుంది, కుక్కకు బెదురు మిగులుతుంది. మండపానికి, శాసనానికి, కోనేటి గట్టుకు ఎప్పుడూ కనీసం ఐదారు అడుగుల దూరంలో నడవడం అలవాటు చేసుకుంటే ఈ అవస్థ కూడా రాదు.

గొలుసు కంటే నాలుగైదు అడుగుల గట్టి బట్ట పట్టీ మేలు. మీట నొక్కితే సాగిపోయే పట్టీలు పార్కులో వాడవద్దు, పదిహేను అడుగుల అవతల ఉన్న కుక్క ఎవరి కాళ్ళకు చుట్టుకుంటుందో మీకు తెలిసేలోగా మనిషి పడిపోతారు. మెడపట్టీకి బదులు ఛాతీ చుట్టూ వచ్చే, ముందు వైపు కొక్కెం ఉన్న పట్టీ వేస్తే అంత బరువు కుక్కను కూడా మీ వయసులో సులువుగా ఆపగలరు. పట్టీ కొసను చేతికి చుట్టుకోవద్దు, అది ఒక్కసారి ఉరికితే మణికట్టు విరుగుతుంది. ఎదురుగా మనుషులు వస్తున్నప్పుడు కుక్కను దారి అంచు వైపుకు మార్చి, వారికీ దానికీ మధ్య మీరు ఉండండి. కోనేటి మెట్ల మీదికి మాత్రం దింపనే వద్దు. పాచిపట్టిన మెట్ల మీద మీరు జారుతారన్నది ఒక కారణం, ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి వల్ల కుక్కకూ మనిషికీ లెప్టోస్పైరోసిస్ అనే అంటురోగం వచ్చే ప్రమాదం ఉండడం మరొకటి. మనకు అసలైన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఆ మూడు నెలలు ఈ జాగ్రత్త మరీ అవసరం.

ఇప్పుడు మనుషుల సంగతి. కుక్కలను పెంచేవాళ్ళందరూ అలవాటుగా అనే మాట ఒకటుంది: ‘మా వాడు ఏమీ చేయడండీ.’ పార్కులో భయపడే మనిషికి ఇంతకంటే కోపం తెప్పించే మాట లేదు. ఎందుకంటే అందులో, భయపడడం మీ తప్పు అన్న అర్థం ఉంది. చిన్నప్పుడు కుక్క కరిచి బొడ్డు చుట్టూ సూదులు వేయించుకున్న తరం ఇంకా మన మధ్య ఉంది, వారి భయానికి కారణం ఉంది. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దవారి మీదికి కుక్క ప్రేమతో ఎగిరినా సరే, పడితే తుంటి ఎముక విరగవచ్చు. అందుచేత ఆ మాట మానేసి, ఆగి, పట్టీ దగ్గరగా పట్టుకుని, ‘పట్టుకున్నాను, మీరు వెళ్ళండి’ అనండి. చిన్నపిల్లలు దగ్గరికి వస్తామంటే వారి అమ్మా నాన్నల అనుమతి ఉంటేనే, బ్రూనోను కూర్చోబెట్టి, పక్క నుంచి వీపు నిమరనివ్వండి. తల మీద చెయ్యి పెట్టడం, ముఖం దగ్గర ముఖం పెట్టడం వద్దు. ఎంత మంచి కుక్క అయినా ఉలిక్కిపడుతుంది.

ఎంత జాగ్రత్త పడినా పార్కులో విరేచనం చేస్తే అప్పటికప్పుడు ఎత్తండి. పాత వార్తాపత్రిక ముక్కలు రెండు, చేతికి వేసుకునే సంచి ఒకటి ఎప్పుడూ వెంట ఉంచుకోండి. దాన్ని ఎండుటాకుల కుప్పలో దాచడం, గోడ అవతలికి విసరడం ఎత్తకపోవడంతో సమానం. ఇంటికి తెచ్చి మరుగుదొడ్డిలో వేయండి, లేదా పెరటిలో లోతుగా పాతండి. ఇది కంటికి అసహ్యమని మాత్రమే చెప్పడం లేదు. కుక్క పేగులలోని కొంకి పురుగుల గుడ్లు మలంతో బయటికి వస్తాయి. తడి ఇసుకలో, మన ఊరి వేడిలో అవి ఒకటి రెండు రోజులలో పొదిగి, వారం పది రోజులలో మనిషి చర్మంలోంచి దూరగలిగే దశకు వస్తాయి. ఇసుకలో వట్టి కాళ్ళతో ఆడే పిల్లల పాదాల మీద పాములా మెలికలు తిరిగే ఎర్రని దురద గీత కనిపిస్తే కారణం చాలాసార్లు అదే. వెంటనే ఎత్తేసిన మలం నుంచి ఎవరికీ ఏ హానీ లేదు. మూడు నెలలకొకసారి బ్రూనోకు నులిపురుగుల మందు వేయించడం, దాని టీకా పుస్తకంలో రేబిస్ టీకా తేదీ ఏడాది దాటకుండా చూసుకోవడం మీ బాధ్యత. జూలై 6న, ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం నాడు, ప్రభుత్వ పశువుల ఆసుపత్రులలో రేబిస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. నగరపాలక సంస్థలో కుక్క పేరు నమోదు చేయించి ఆ కాగితం కూడా టీకా పుస్తకంలోనే పెట్టుకోండి. అడిగిన వారికి చూపించగలిగితే సగం భయాలు అక్కడికక్కడే పోతాయి.

వేళల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ తగవుకు, కుక్క ఆరోగ్యానికి కూడా ఇదే కీలకం. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పడంతోనే వేడిని దించుకోవాలి. మామూలుగానే దాని ఒంటి వేడి 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. మే నెలలో నెల్లూరు ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటే రోజులు ఎన్నో, రోహిణి కార్తె సంగతి చెప్పనే అక్కరలేదు. పార్కులో నాపరాళ్ళు పరిచిన దారి ఉంటే అది పొద్దు గుంకిన చాలాసేపటి వరకు వేడిని పట్టుకునే ఉంటుంది. అరచేతి వెనుక భాగాన్ని రాతి మీద ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే, ఆ రాయి బ్రూనో పాదాలకు కూడా పనికిరాదు. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఐదు గంటలకు వీధి నడక, రాత్రి ఎనిమిది దాటాక పార్కు నడక పెట్టుకోండి. ఉదయం నడక పెద్దలు ఐదున్నర నుంచి ఏడింటి దాకా ఉంటారనుకుంటే, ఆ వేళను పూర్తిగా వారికే వదిలేయండి. చలికాలంలో ఏడున్నర తర్వాత వెళ్ళినా కుక్కకు ఇబ్బంది లేదు. రొప్పు ఆగకుండా, చిక్కటి చొంగ కారుస్తూ, చిగుళ్ళు ముదురు ఎరుపుకు తిరిగి, అడుగు తడబడుతుంటే అది వడదెబ్బ. నీడకు చేర్చి, పొట్ట మీద, తొడల మధ్య, పాదాల మీద చల్లటి నీళ్ళు పోస్తూ, విసురుతూ, ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోండి. ఐసు ముక్కలు మీద పెట్టవద్దు, బలవంతంగా నీళ్ళు తాగించవద్దు.

వీధికుక్కలు మూడూ గేటు దగ్గరే ఎందుకు ఉంటున్నాయో గమనించారా? చాలా పార్కుల దగ్గర నడకకు వచ్చేవాళ్ళే బిస్కెట్లు వేస్తారు. అది దయే, కాదనను. అయితే తిండి పడే చోటు వాటికి తమ సొంత జాగా అవుతుంది, అక్కడికి వచ్చే కొత్త కుక్కను అవి తరుముతాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో వీధులలో ఎక్కడపడితే అక్కడ కాకుండా, వార్డుకు ఒకటిగా మున్సిపాలిటీ నిర్ణయించిన చోట్లనే వీధికుక్కలకు తిండి పెట్టాలని చెప్పింది. బిస్కెట్లు వేసేవారు మీకు తెలిసినవారే అయితే, గేటుకు దూరంగా అటువంటి చోటు అడిగి తీసుకుందామని వారితో చెప్పండి. వాటి చెవి కొస కత్తిరించి ఉంటే కుటుంబ నియంత్రణ ఆపరేషను, రేబిస్ టీకా అయినట్టు గుర్తు. లేకపోతే నగరపాలక సంస్థకు తెలియజేయండి. ఎదురుపడినప్పుడు పరుగెత్తవద్దు, బ్రూనోను చంకకెత్తుకునే ప్రయత్నం చేయవద్దు, రాయి తీయవద్దు. చేతికర్రను నేల మీద గట్టిగా రెండుసార్లు తట్టి, వాటి వైపు కాకుండా పక్కకు చూస్తూ నడిచి దాటిపోండి. ఖర్మకాలి ఎవరికైనా పన్ను తగిలితే, గీరుకుపోయినంత మాత్రమే అయినా, సబ్బుతో, ధారగా పడే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దానికి వైద్యం లేదు కనుక పసుపు, కారం, ఆకు పసరు అంటూ ఒక్క పూట కూడా పోగొట్టుకోకూడదు.

ఇక బాబాయి గారి దగ్గరికి ఎలా వెళ్ళాలో చెబుతాను. కుక్కను తీసుకుపోకుండా, సాయంత్రం వేళ, మీ వారితో కలిసి ఆయన ఇంటికే వెళ్ళండి. పార్కులో అందరి ముందు మొదలైన మాటను మళ్ళీ పార్కులో అందరి ముందు తెమల్చాలని చూస్తే ఎవరూ తగ్గరు. ‘ఆ రోజు మీరు కోప్పడింది న్యాయమే బాబాయ్, రాయి పాడవుతుందని నాకు తోచలేదు’ అని మొదలుపెట్టండి. అట్ట ఎవరు కట్టారని అడగవద్దు. మీరు పాటించబోయే నియమాలను ఒక కాగితం మీద రాసి తీసుకువెళ్ళండి: ఏ వేళ వస్తారు, మండపం, కోనేరు, శాసనం ఉన్న వైపు రారు, పట్టీ వదలరు, మలం ఎత్తుతారు, పని ముగించుకోని కుక్కను లోపలికి తేరు. ఒక నెల చూసి, తర్వాత వద్దంటే మానేస్తానని మాట ఇవ్వండి. ఆ మాట తప్పకూడదు.

అదే సందర్భంలో శాసనపు రాయి మాట కూడా ఎత్తండి, అది ఆయనకు కూడా ఇష్టమైన విషయమై ఉంటుంది. నెల్లూరు జిల్లా శాసనాలను అలన్ బట్టర్‌వర్త్, వేణుగోపాల చెట్టి సేకరించి 1905లో మూడు సంపుటాలుగా తాలూకాల వారీగా అచ్చు వేయించారు. ఆ తర్వాతి కాలంలో ప్రకాశం జిల్లాలో చేరిన కనిగిరి, దర్శి, పొదిలి శాసనాలు కూడా అప్పుడు అందులోనే చేరాయి. మీ పార్కు రాయి అందులో ఉందో లేదో వెతికి చూడడం ఒక రిటైర్డ్ మాస్టారు తప్పక పూనుకోదగ్గ పని. ఉంటే ఆ రాతి మీద ఏముందో చిన్న పలకపై తెలుగులో రాయించి పక్కన పెట్టవచ్చు. లేకపోతే పురావస్తు శాఖ వారికి రాసి నకలు తీయించవచ్చు. రాతి చుట్టూ రెండడుగుల ఎత్తు ఇనుప కంచె వేయించమని, కుక్కలకు వేళలు నిర్ణయించి తన పేరుతో బోర్డు పెట్టమని నగరపాలక సంస్థ కమిషనరుకు ఇద్దరి సంతకాలతో ఒకే అర్జీ పెట్టండి. సోమవారం గ్రీవెన్సులో ఇస్తే రసీదు కూడా వస్తుంది. కుక్కను తెచ్చే మనిషి, కుక్క వద్దన్న మనిషి కలిసి సంతకం చేసిన కాగితాన్ని ఆఫీసులో పక్కన పడేయడం కష్టం.

ఆయన అప్పటికీ ఒప్పుకోకపోతే, లేదా స్థలం దేవస్థానానిదేనని తేలితే, పోట్లాడవద్దు. తెల్లవారుజామున మీ పేట వీధులే మంచి నడకదారి. వారానికి ఒకటి రెండు రోజులు ఆటోలో పెన్న ఒడ్డుకో, చెరువు కట్ట మీదికో తీసుకుపోయినా బ్రూనోకు కావలసిన కొత్త వాసనలు దొరుకుతాయి. అక్కడ కూడా పట్టీ వదలవద్దు, చేపలు పట్టేవాళ్ళు వదిలేసిన గాలాలు, తీగలు ఇసుకలో ఉంటాయి. మొహర్రం రోజులలో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు వైపు జనం పోటెత్తుతారు కనుక ఆ నాలుగైదు రోజులు అటు వెళ్ళవద్దు. గుడిలో బ్రహ్మోత్సవాలు జరిగే రోజులలో, దీపావళికి ముందూ వెనుకా, బాణసంచా చప్పుడుకు కుక్క పట్టీ తెంపుకుని పారిపోవచ్చు. అప్పుడు చీకటి పడకముందే తిప్పి ఇంటికి చేర్చండి, దాని మెడలో మీ ఫోను నంబరు రాసిన బిళ్ళ ఒకటి ఎప్పుడూ ఉండేలా చూడండి.